అమ్మ చింతగింజలు: ఒకల కోసం ఇంకొకలు మొక్కితె నిజంగ ఏమన్న అయితదా?

ప్రాణహిత_ఒడ్డు

అందరికి నమస్తే. మాది సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, నది ఒడ్డు ఊరు, అవతలి దిక్కు కాళేశ్వరం. కొంచెం పొడుగు రాస్తున్న, ఓపిక చేసుకొని చదువుండ్రి.

మా అమ్మకు అరవై ఎనిమిదేండ్లు. చదువు రాదు, సంతకం గుడ నేర్వలె. నాకు తెలివొచ్చినప్పటి సంది చూస్తున్న, పొద్దుగూకి దీపం పెట్టినంక దేవుని అర్ర ముంగట రెండు గిన్నెలు పెట్టుకొని కూసుంటది. ఒకటి ఇత్తడిది ఒకటి కంచుది. ఇత్తడి గిన్నెల చింతగింజలుంటయి. ఒక్క గింజ తీసి రెండు వేళ్ల నడుమ పట్టుకొని కండ్లు మూసుకొని ఏదో అనుకొని కంచు గిన్నెల వేస్తది, టింగుమంటది. మల్ల ఇంకోటి. ఒక్కో గింజ ఒక్కో మనిషి. చదువు రాదు గదా, ఆమెకు గవే పేర్లు. చిన్నప్పుడు నేను ఆ చప్పుడు వినుకుంటనే నిద్రపోయేటోన్ని.

బ్రిడ్జి కట్టకముందు పడవల మీద కాళేశ్వరం పోతుంటిమి, అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటయి చూసిండ్రో లేదో, ఒకటి యముడు ఒకటి ముక్తీశ్వరుడు. మా అమ్మ యముని దగ్గర జరసేపు ఎక్కువ నిలబడేది. ఏం మొక్కినవే అంటె "ఎవ్వల్ని తొందరవడి తీస్కపోకు అని చెప్పిన" అనేది. తన గురించి ఏమన్న మొక్కిందో లేదో నాకు తెల్వదు.

ఐదు వారాల కింద పొద్దుగాల బాయికాడ పడిపోయింది. కుడి చెయ్యి కుడి కాలు పడిపోయినయి, మాట పోయింది. గడ్చిరోలి మాకు రెండొందల కిలోమీటర్ల పైనే గదా, అందుకే మంచిర్యాల తీస్కపోయినం, పన్నెండు రోజులుండి ఇంటికొచ్చినం. ఇప్పుడు లేపితె కూసుంటది, ఎడమ చేత్తోని ఇంత తింటది, మనం చెప్పేది అర్థమయితనే ఉన్నదనుకుంట, కని నోట్లెకెళ్లి మాట రాదు, "ఆ… ఆ…" అని ఆగిపోయి ఏడుస్తది.

ఇంటికొచ్చిన రోజే పొద్దుగూకంగ ఎడమ చెయ్యి దేవుని అర్ర దిక్కు చూపెట్టుకుంట ఒకటే గుంజులాట. మాకు అర్థం కాలె, నీళ్లా అన్నం, దుప్పటా అన్నం. మా ఆమెకు ఎరుకయ్యింది, గిన్నెలు తెచ్చి పెట్టింది. గింజ పట్టుకుంటది, జారిపోతది, మంచం కిందికి దొర్లుతది. చూడలేక ఆనాటి సంది నేనే ఆమె ముంగట కూసోని వేస్తున్న. లెక్కపెట్టిన, ఇరవై మూడున్నయి. ఇరవై రెండు చింతగింజలు, ఒకటి గురివింద గింజ. ఎవరెవరియో నాకు తెల్సింది తొమ్మిదే. మేము ముగ్గురం అన్నదమ్ములం, మా పిల్లలు నలుగురు, సచ్చిపోయిన మా తాత ఒకటి, మా మేనమామ ఒకటి. మిగిలిన పద్నాలుగు ఎవరియో ఆమెకే ఎరుక, ఆమె చెప్పలేదు.

నేను పెద్దగ మొక్కెటోన్ని కాదు. పండుగకు దండం పెడ్త. అందుకే అడుగుతున్న, పేరు తెల్వకుంట గింజ వేస్తె అది మొక్కు అయితదా? ఇంకోటి, మనం చెప్తెనే దేవునికి వాళ్ల కష్టం తెలుస్తదా, తెల్సినాయనకు మల్ల చెప్పుడెందుకు? ఊకె మనసు నింపుకునుడేనా? అమ్మ ముంగట కూసుంటే ఈ ప్రశ్నలే వస్తున్నయి, చేస్తున్నది అబద్ధమేమో అనిపిస్తున్నది. తెల్సినోళ్లు చెప్పుండ్రి.

బల్లార్షా_అక్క

తమ్మీ, చదివి ఏడుపొచ్చింది. అమ్మ జాగ్రత్త. మా నాన్న బొగ్గు బాయిల పనికని కరీంనగర్ దిక్కు నుంచి బల్లార్షా వచ్చి ఇక్కడే ఉండిపోయిండు, మేము చర్చికి పోయేటోళ్లం, నాకు తెల్సిన తీర్గ చెప్త.

మార్కు సువార్త రెండో అధ్యాయంల ఒక సంగతి ఉంటది. కపెర్నహూముల యేసు ఒక ఇంట్ల ఉంటడు, జనం కిటకిట, వాకిట్ల గుడ జాగ ఉండదు. నలుగురు మనుషులు ఒక పక్షవాయువు మనిషిని మంచం మీద మోసుకొస్తరు, లోపలికి పోరాదు, ఏం చేస్తరంటే ఇంటి కప్పు విప్పి ఆ సందుల నుంచి మంచం కిందికి దించుతరు. ఇప్పుడు సూడు, అక్కడ రాసింది యేసు "వారి విశ్వాసము చూచి" అని. పడుకున్నాయన విశ్వాసం ఒక్కటే అని కాదు, "వారి" అని. ఆ పడుకున్నాయన ఆ సంగతంతట్ల ఒక్క మాట మాట్లాడడు, మొదటి నుంచి చివరిదాక ఒక్క మాట లేదు, నువ్వు తీసి చదువు. మోసుకొచ్చినోళ్ల నమ్మకమే మాట్లాడింది.

నీ మొదటి ప్రశ్నకు గుడ జవాబు అక్కడనే ఉన్నది. ఆ నలుగురి పేర్లు ఏందో ఎక్కడ రాయలె. ఆ పక్షవాయువాయన పేరు గుడ రాయలె. పేర్లు లేకుంటనే పని అయ్యింది.

మా చర్చిల బుధవారం సాయంత్రం ఆడోళ్లం కూసోని ప్రార్థన చేస్తం, చీటీల మీద రాసిస్తరు, కొన్ని చీటీల మీద ఊకె "ఒక సోదరి, కడుపు నొప్పి" అనే ఉంటది. ఎవరో తెల్వదు. మేము చేస్తం. మీ అమ్మ ఇన్నేండ్లు ఇరవై మూడు మంది మంచాలు మోసింది తమ్మీ, ఇయ్యాల మంచంల ఆమెనే ఉన్నది, నువ్వు ఒక కోడు పట్టుకున్నవు. అబద్ధం ఎట్లయితది?

లెక్క_తప్పదు

నేను కొంచెం వేరే మాట చెప్తాను, బాధపడకండి. నేను చంద్రపూర్‌లో ల్యాబ్‌లో పని చేస్తాను, రోజూ రక్తం రిపోర్టులే నా బతుకు. ప్రార్థన పని చేస్తుందా అనే దాని మీద నిజంగానే పరీక్షలు జరిగాయి. వాటిలో చాలా పెద్దది ఒకటి 2006లో వచ్చింది, అమెరికాలో ఆరు ఆసుపత్రులు, గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మంది. వాళ్లని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు కోసం ప్రార్థన చేయించారు, ఒక గుంపుకి చేయించలేదు, ఈ రెండు గుంపులకీ మీకోసం చేస్తారో చేయరో చెప్పలేం అన్నారు. మూడో గుంపుకి మాత్రం మీకోసం ఖచ్చితంగా ప్రార్థన చేస్తున్నారు అని ముందే చెప్పారు. ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చినవాళ్లు మొదటి గుంపులో 52 శాతం, రెండో గుంపులో 51 శాతం, అంటే తేడా లేనట్టే. తెలిసిన మూడో గుంపులో 59 శాతం, అంటే ఎక్కువే. అది ఎందుకో గట్టిగా తేల్చలేదు, నా కోసం ప్రార్థన దాకా వచ్చిందంటే నా పరిస్థితి అంత బాగాలేదా అని భయపడి ఉండొచ్చని కొందరన్నారు.

అందుకని నా మాట ఏంటంటే, గింజలు వెయ్యండి, అమ్మకి ఇష్టం, కానీ అది మందు కాదు. బీపీ మాత్రలు ఒక్క పూట కూడా ఆపొద్దు. మా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం బాధ అక్కడే, దేవుడి మీద వేశాం అని మాత్ర మానేస్తారు, మళ్లీ పడిపోతారు. నేను మా పిన్నిని అట్లాగే పోగొట్టుకున్నాను, అందుకే ఇంత సూటిగా రాస్తున్నా.

ప్రాణహిత_ఒడ్డు

అక్కా, ఇయ్యాల పొద్దుగాల మీరు చెప్పిన సంగతి మా ఆమెకు చదివి వినిపించిన. చాన సంతోషం.

లెక్క అన్నా, మాత్రలు ఆపలేదు, ఆపం గుడ. పిన్ని సంగతి చదివి మనసు కలుక్కుమన్నది. లెక్కలు చెప్పినందుకు గుడ మంచిదే, నాకు అసుంటి సూటి మాటనే కావాలె. కని ఒక్కటి అడుగుత, ఆ పరీక్షల మొక్కినోళ్లు ఎవరు? ఆ బీమారోళ్లు వాళ్లకు ఎరుకున్నోళ్లేనా?

ఎందుకు అడుగుతున్ననంటే మా అమ్మది వేరే తీర్గ ఉంటది. నేను ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు మా ఊరి మలుపు కాడ టేకు లారీ బోర్లా పడ్డది, క్లీనర్ పిలగాడు, ఎక్కడి పిలగాడో, కాలు నుజ్జయ్యింది. వాన్ని సర్కారు దవాఖానల ఏసిండ్రు. ఆ రోజు రాత్రి అమ్మ కొత్త చింతగింజ ఒకటి ఏరి కడిగి గిన్నెల కలిపింది, నేను చూసిన. తెల్లారి చూస్తె టిఫిన్ గిన్నెల అన్నం పప్పు పెట్టుకొని దవాఖానకు బయలెల్లింది. మాకే ఒకపూట తక్కువున్న రోజులవి, మా నాయిన కోపం చేసిండు, "వాడు నీకేమైతడే" అని. "నిన్న రాత్రి వాని పేరు మీద మొక్కిన, ఇయ్యాల ఆకలి మీద ఇడిసిపెడ్తె దేవుడు నా మొకం చూస్తడా" అన్నది. పదకొండు రోజులు పోయింది. వాళ్లోళ్లు ఛత్తీస్‌గఢ్ దిక్కు నుంచి వచ్చి తీస్కపోయిండ్రు, మల్ల వాడు కనవడలె. గింజ మాత్రం ఉండే ఉంటది, అమ్మ ఎవరి గింజ తీసేసింది నేనైతె చూడలె.

గిది రాస్తుంటె ఇప్పుడు తెలిసింది, పదోది దొరికినట్టే.

లెక్క_తప్పదు

మీ ప్రశ్న న్యాయమైందే. ఆ పరీక్షలో ప్రార్థన చేసినవాళ్లు పూర్తిగా పరాయివాళ్లు. రోగి పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం మాత్రమే ఇచ్చారు, ఏమని ప్రార్థించాలో ఒక వాక్యం కూడా ముందే రాసిచ్చారు. మొహం చూసింది లేదు, అన్నం పట్టుకెళ్లింది లేదు. మీ అమ్మగారు చేసినదాన్ని ఆ పరీక్ష కొలవలేదు, అది ఒప్పుకుంటాను. పదకొండు రోజుల అన్నం లెక్క నా దగ్గర ఏ రిపోర్టులోనూ రాదు.

బడి_గంట

అహేరి తాలూకాల జిల్లా పరిషత్ బడిల మాస్టరుగా పని చేస్తున్నాను, ఇంట్ల తెలుగు బడిల మరాఠీ, మీ అందరిలాగనే. మీ రెండో ప్రశ్న, అంటే తెల్సిన దేవునికి మల్ల చెప్పుడెందుకు అన్నది, నన్ను గుడ చాన ఏండ్లు తిన్నది కాబట్టి రాస్తున్న.

మనం అందరం బడిల పసాయదాన్ అనే మరాఠీ ప్రార్థన పాడినోళ్లమే కదా, చేతులు జోడించి కండ్లు మూసుకొని, అర్థం తెల్వకుంటనే పాడినం, నేను గుడ. టీచరయినంక పిల్లలకు అర్థం చెప్పాల్సి వచ్చినప్పుడు కూసోని ఒక్కొక్క ఓవీ, అంటె పద్యం, చదివిన. మరాఠీ సంత్ జ్ఞానేశ్వర్ మహారాజ్ గీత మీద తన గ్రంథం 1290 సంవత్సరంల నేవాసే ఊర్ల పూర్తి చేసిండు, దాని చివర తొమ్మిది ఓవీల మొక్కు ఇది. అంత పెద్ద పని చేసినంక ఎవరైన ఏం అడుగుతరు? మోక్షం అడగొచ్చు, పేరు అడగొచ్చు. ఈయన జీవితం ఏందో తెల్సు కదా, ఈయన తండ్రి సన్యాసం తీసుకొని మల్ల సంసారంలకు వచ్చిండు, అందుకని ఆ పిల్లలని ఊరు వెలేసింది, తల్లిదండ్రులు ప్రాణం తీసుకున్నరు, నలుగురు పిల్లలు దిక్కులేనోళ్లయిండ్రు. అసుంటి పిలగాడు ఇరవై ఏండ్ల లోపల్నే దేవున్ని అడిగిన మొదటి కోరిక ఏందంటె "జే ఖళాంచీ వ్యంకటీ సాండో". దుష్టులు పోవాలె అనలేదు. దుష్టుల వంకర పోవాలె అన్నడు. వాళ్లకు మంచి పనుల మీద ప్రేమ పెరగాలె, ప్రాణులకు ఒకరితో ఒకరికి జీవస్నేహం కావాలె అన్నడు. తనను వెలేసినోళ్లు గుడ అందుల ఉన్నరు కదా! నేను ఈ ముక్క క్లాసుల చెప్తుంటె నోరు పెగలలేదు ఒకసారి, పిల్లలు సార్ ఏమైంది అన్నరు.

అన్నిట్ల తన పేరు ఒక్కసారే వస్తది, ఆఖరి వాక్యంల. విశ్వేశ్వరుడు సరే ఇస్త అన్నడట, ఆ వరంతోని జ్ఞానదేవుడు సుఖపడ్డడట. తనకు ఏమి రాలేదు, అందరికి వచ్చింది, దానికే సుఖపడ్డడు. మీ అమ్మ యముని దగ్గర నిలబడి ఎవ్వల్ని తొందరవడి తీస్కపోకు అన్నది చూడుండ్రి, నాకు చదవంగనే పసాయదానే గుర్తొచ్చింది. ఆమెకు మరాఠీ రాకపోవచ్చు, గ్రంథం ముట్టుకోకపోవచ్చు, అదే మొక్కు మొక్కింది.

ఇగ నా సంగతి. నాకు తోటి మాస్టరు ఒకాయనతోని బదిలీ విషయంల పెద్ద గొడవయ్యింది, పేరు ఊరు వద్దు. నాలుగేండ్లు ఆయన మొకం చూస్తె కడుపుల మంట. ఒక నాడు ప్రార్థనల పిల్లల ముంగట నిలబడి "ఖళాంచీ వ్యంకటీ" పాడుతున్న, మనసుల ఆయన మొకం మెదిలింది, ఆయనే ఖలుడు అనుకుంట పాడుతున్న. వారం పది రోజులు అట్లనే పాడిన. తర్వాత తర్వాత ఆ మాట అన్నప్పుడల్ల నా వంకర నాకు కనపడుడు మొదలయ్యింది, ఆయన మీద నేను పెట్టిన పిటిషన్ల సగం నిజం లేదు, అది నాకు తెల్సు. దేవునికి ఆయన సంగతి నేను చెప్పేదేముంది, ఆయనకు ముందే తెల్సు. నాకు తెల్వని సంగతి నాకు తెలిసింది. మీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు గింతే. ఆయనతోని ఇప్పుడు మాటలున్నయి, దోస్తులం కాలేదు కని మాటలున్నయి.

మీ గిన్నెల గుడ అసుంటి గింజ ఒకటన్న ఉంటదని నా అనుమానం. అన్నం పట్టుకొని పోయే మనిషి కోపం ఉన్నోళ్లను ఇడిసిపెట్టదు.

దెగ్లూర్_భాయి

సలాం అన్నా. అమ్మకు అల్లా షిఫా ఇవ్వాలె, నయం చెయ్యాలె. మా దగ్గర హదీసుల, అంటె ప్రవక్త మాటలల్ల, ఒకటి ఉన్నది, సహీ ముస్లిం అనే గ్రంథంల వస్తది. ఎదురుంగ లేని సోదరుని కోసం మనిషి దువా చేస్తె, దూత ఒకడు అక్కడ ఉండి "ఆమీన్, నీకు గుడ అదే" అంటడట. ఎదురుంగ లేనప్పుడు అన్న మాట ముఖ్యం అన్నా, ఎందుకంటె ఎదురుంగ ఉంటె మొకమాటానికన్న చేస్తం, మెప్పు కోసమన్న చేస్తం. వాళ్లకు తెల్వకుంట చేసిన దానిల ఇంకేమి కలవది. ఆ పద్నాలుగు మందికి మీ అమ్మ చేస్తున్నదని ఇయ్యాలటి వరకు తెల్వది చూడు. ఈ రాత్రి ఇషా నమాజుల అమ్మ కోసం అడుగుత. పేరు వద్దు, సిరొంచ అమ్మ అని అడుగుత.

రాజురా_ఫిజియో

ప్రాణహిత గారూ, నేను ఫిజియోథెరపీ చేస్తాను, పక్షవాతం వచ్చినవాళ్లతోనే నా రోజంతా. మొక్కు గురించి మీకు పెద్దవాళ్లు చెప్పారు, నేను గింజల గురించి చెప్తాను, ఎందుకంటే మీరు ఒక తప్పు చేస్తున్నారు, ప్రేమతోనే చేస్తున్నారు కానీ తప్పే.

గింజలు మీరు వెయ్యకండి. ఆమెనే వెయ్యనివ్వండి. జారితే జారనివ్వండి, మంచం కింద వెతికేది మీ పని. వెడల్పుగా ఉండే పళ్లెం పెట్టండి, ఒళ్లో దిండు పెట్టి దాని మీద పళ్లెం పెట్టండి. కుడి చేతిని పక్కన పడేయకుండా పళ్లెం అంచు మీద పెట్టండి, గింజ ఆ చేతికి తాకించి తర్వాత ఎడమ చేత్తో వేయించండి. వేళ్లతో చిన్న వస్తువు పట్టుకోవడం మేము క్లినిక్‌లో డబ్బులు తీసుకొని చేయించే పని, మీ అమ్మ ఇంట్లో ఇష్టంగా చేస్తానంటున్నారు, దాన్ని మీరు లాక్కున్నారు. కోపం తెచ్చుకోకండి.

రెండోది మాట. చాలామందికి మాట కేంద్రం మెదడులో ఎడమ పక్క ఉంటుంది, అందుకే కుడి పక్క పడిపోయినవాళ్లకి మాట కూడా పోతుంది. కానీ మాట అంతా ఒకేచోట ఉండదు. కొత్తగా ఆలోచించి చెప్పే మాట వేరు, ఏళ్ల తరబడి నోటికి అలవాటైన మాట వేరు. మంచినీళ్లు అనలేనివాళ్లు ఒకటి రెండు మూడు అని పది దాకా లెక్కపెట్టేస్తారు, పాట అందుకుంటే పదాలతో సహా పాడేస్తారు, మంత్రం ప్రార్థన కూడా అంతే. అందరికీ రాదు, కొందరికే. నా దగ్గర ఒక పెద్దాయన భార్య పేరు చెప్పలేక ఏడ్చేవారు, హనుమాన్ చాలీసా మొదలుపెడితే ఆగేవారు కాదు. పాట పట్టుకొని మాట నేర్పే పద్ధతి ఒకటి 1973లోనే అమెరికా డాక్టర్లు రాశారు, ఇప్పటికీ చేయిస్తారు.

మీ అమ్మ గింజ వేసేటప్పుడు ఏదో అనుకునేవారు అన్నారు కదా, ఆ మాట ఏంటో ఇంట్లో ఎవరికైనా గుర్తుందా? అదే మాట, అదే రాగం, అదే టైముకి, దీపం వెలిగించి మీరు మొదలుపెట్టి మధ్యలో ఆపండి. ఆపి ఆగండి. మనసులో పది లెక్కపెట్టుకోండి. మనవాళ్లు ఆగలేరు, రెండు సెకన్లకే తామే చెప్పేస్తారు. పేర్లు తెలుసుకోవాలంటే ఒక్కో పేరు అడగండి, అవునంటే చెయ్యి నొక్కమనండి, రెండు పేర్లు కలిపి అడగొద్దు. అలసిపోతే ఆపెయ్యండి. మంచినీళ్లు తాగేటప్పుడు పొలమారుతుంటే మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించండి.

మాట వస్తుందని నేను మాట ఇవ్వను. ప్రయత్నించండి.

ప్రాణహిత_ఒడ్డు

తొమ్మిది రోజులయ్యింది, ఇప్పుడు రాస్తున్న. రోజు ఫోన్ తీసుడు, ఏం రాయాల్నో తెల్వక మల్ల పెట్టుడు.

మొదట మేడం చెప్పిన తప్పు ఒప్పుకుంటున్న. ఆనాటి నుంచే పళ్లెం పెట్టినం. ఒక్క గింజకు రెండు మూడు నిమిషాలు పడ్తది, ఇరవై మూడు అయ్యేసరికి గంట దాటుతది. ఎంత జారిన ఏడుస్తలేదు, జారితె నా దిక్కు చూస్తది, నేను ఏరి ఇస్త.

అమ్మ అనే మాట మాకెవ్వరికి సక్కగ గుర్తుకు రాలె, ఎన్నడు పట్టించుకోలె. మా పెద్దన్న బల్లార్షల ఉంటడు, ఫోన్ చేసి అడిగితె ఆయనకు గుర్తున్నది, "సల్లగుండాలె తండ్రీ, వాన్ని సల్లగ చూడు" అని అన్నడు, ఆయన పరీక్షల టైముల పక్కన కూసోని చదివేటోడు కాబట్టి చెవుల పడ్డదట. రెండో రోజు దీపం పెట్టినంక అమ్మ గింజ పట్టుకున్నది, నేను "సల్లగుండాలె…" అని ఆపిన. పది లెక్కపెట్టిన. ఏం రాలె. అట్ల ఐదారు గింజలయినయి. ఏడో గింజకో ఎనిమిదో గింజకో నేను ఆపినంక అమ్మ పెదవులు కదిలినయి, "తండ్రీ" అన్నది. సక్కగ, ఎప్పటి గొంతుతోని. మా ఆమె పొయ్యి కాడి నుంచి ఉరికొచ్చింది. తర్వాత గింజకు నేను ఏమనలె, చెయ్యి గుడ ఆడించలె. "సల్లగుండాలె తండ్రీ" అని అంతా ఆమెనే అన్నది, గింజ గిన్నెల పడ్డది.

నీళ్లు అనరాదు. నా పేరు అనరాదు, ఇప్పటికి రాలె. ఆ ఒక్క మాట మాత్రం గింజ గింజకు వస్తున్నది. మేడం ముందే చెప్పింది కాబట్టి ఎందుకు వస్తున్నదో నాకు తెల్సు, నోటికి అలవాటైన మాట అని. అయినా చెప్పుకోలేని సంగతి ఒకటి ఉన్నది, అరవై ఎనిమిదేండ్లల మా అమ్మ ఎన్ని మాటలు మాట్లాడి ఉంటది, మమ్మల్ని ఎంత తిట్టి ఉంటది, బజార్ల ఎంత బేరమాడి ఉంటది, అవన్ని కొట్టుకపోయి ఇంకొకల కోసం అన్న మాట ఒక్కటి నిలబడ్డది.

పేర్లు చెయ్యి నొక్కుడుతోని అడిగినం. రోజు ఒకటో రెండో. క్లీనర్ పిలగాడు ఉన్నడు, లారీ పిలగాడా అంటె గట్టిగ నొక్కింది. మాకు కాన్పు చేసిన మంత్రసాని ఉన్నది, ఆమె చనిపోయి పదేండ్లయ్యింది. బస్టాండుల పూలమ్మే ఆమె కొడుకు, జైలుకు పోయినోడు, ఉన్నడు. 2022 జులైల గోదారి వరదల మా ఇల్లు మునిగినప్పుడు మమ్మల్ని వాళ్ల మిద్దె మీద పండుకోనిచ్చిన ఇంటాయన ఉన్నడు. గురివింద గింజ గుడ కలిపి మొత్తం పదహారు తెలిసినయి.

గురివింద గింజ మా పాపది అనుకున్న, ఎర్రగ ముద్దుగుంటదని. పాప పేరు చెప్తె నొక్కలె. ఇంట్ల అందరి పేర్లు చెప్పిన, నొక్కలె. బడి సారు రాసింది గుర్తొచ్చి, గుండె దడదడలాడుకుంట, మా చిన్నమ్మ పేరు అన్న. అంటె అమ్మ సొంత చెల్లె. ఆరేండ్ల కింద అమ్మమ్మ చెల్క పంపకంల గొడవయ్యింది, మేమే పోలీసు దాక పోయినం, ఆనాటి సంది రాకపోకలు లేవు, మా ఇంట్ల ఆమె పేరు ఎత్తద్దని అన్నదే నేను. అమ్మ నా చెయ్యి నొక్కి ఇడువలె, అట్లనే పట్టుకున్నది చానసేపు. ఈ ఆరేండ్లు నేను పక్క అర్రల టీవీ చూసుకుంట కూసున్న, అవతల ఆ గింజ రోజు టింగుమన్నది.

చిన్నమ్మ చెన్నూరు దిక్కు ఉంటది. మూడు రోజులు ఆగి ఫోన్ చేసిన. మొదటిసారి ఎత్తలె. మల్ల చేస్తె ఎత్తింది. ఏం అనాల్నో తెల్వక "చిన్నమ్మా, అమ్మకు బాగలేదు" అన్న. "ఎప్పుడో తెల్సు" అన్నది. ఇద్దరం ఊకున్నం. "ఏం తింటున్నదిరా" అని అడిగింది. జావ, మెత్తటి అన్నం అని చెప్పిన. గంతే, పెట్టేసింది. వస్తదో రాదో తెల్వదు. బస్సైతె అక్కడి నుంచి పొద్దుగాల ఉంటది.

దెగ్లూర్ భాయి, మీరు సిరొంచ అమ్మ అని అడిగింది అమ్మకు చెప్పిన. మరునాడు పళ్లెంల ఒక చింతగింజ తక్కువున్నది అన్నట్టు చెయ్యి ఆడించుకుంట వెతికింది, మాకు సమజ్ కాలె, మా పాప ఉరికిపోయి వంటింట్ల చింతపండు డబ్బాల నుంచి ఒకటి తీసి కడిగి ఇచ్చింది, తీసుకున్నది. ఎవరిదే అంటె నేను మీ పేరు చెప్పిన, నొక్కింది. నిజంగ మీదో, నేను అడిగిన అని నొక్కిందో. ఇప్పుడు ఇరవై నాలుగున్నయి.

ఇంకా ఏడు తెల్వయి. అమ్మ మేనత్త బిడ్డలు, పాత ఇంటి పక్కోళ్లు, ఒక్కొక్కలను యాది చేసుకొని అడుగుతనే ఉన్నం. పొద్దుగూకింది, చెయ్యి చూపెడ్తున్నది, దీపం పెట్టాలె.